పాత కారు ఆగిపోతే ముందు పరీక్ష, తరువాతే పార్టు

సంపాదకుల వారికి,

అయ్యా,

గత ఆదివారం మీ పత్రికలో పాత కార్ల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. సిగ్నల్ దగ్గర వణుకుతూ ఆగిపోయే పాత పెట్రోలు కారుకు రెండే కారణాలుంటాయని, ఒకటి ఇంజన్ ఆయుష్షు తీరిపోవడమని, రెండోది ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలని, ఏదైనా సరే బండిని తుక్కుకు ఇచ్చేయడమే తెలివైన పని అని వ్యాసకర్త తేల్చేశారు. నేను మెకానిక్‌ను కాను. జూనియర్ కళాశాలలో ముప్పయ్యేళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ని. 1997 నాటి, కార్బొరేటర్ (పెట్రోలును గాలిలో కలిపి ఇంజన్‌కు పంపే పరికరం) ఉన్న మారుతి 800 ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తోంది. ఆ బండి ఇదే జబ్బుతో నన్ను ఏడు నెలలు తిప్పింది. ఆ అనుభవం వల్ల, ఆ ఏడు నెలల్లో నేను చదివి, చూసి, నేర్చుకున్న దానివల్ల, వ్యాసకర్త అభిప్రాయంతో గౌరవంగానే విభేదిస్తున్నాను.

మొదట నా బండి సంగతి చెబుతాను. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే స్టార్టయ్యేది, రోడ్డు మీద అరవై డెబ్బై వేగంలో ఏ ఇబ్బందీ ఉండేది కాదు. పెద్దాపురం నుంచి కాకినాడ వెళ్లేటప్పుడు రైల్వే గేటు పడితే మాత్రం, ఇంజన్ బాగా కాగి ఉన్న ఆ సమయంలో, ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసిన పది పదిహేను క్షణాలకు స్టీరింగ్ వణకడం మొదలై, రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోయేది. వెనక లారీలు హారన్లు కొడుతుంటే మళ్లీ సెల్ఫ్ కొట్టి, కాలు ఆక్సిలరేటర్ మీదే ఉంచి గేటు దాటించేవాణ్ని. మొదట చూపించిన చోట ప్లగ్గులు, ప్లగ్ వైర్లు మార్చారు. రెండోచోట కాయిల్, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మార్చారు. మూడోచోట కార్బొరేటరే పోయిందన్నారు, బయటి మార్కెట్లో దొరికే నకలు కార్బొరేటర్ వేశారు, దాంతో అంతకుముందు లేని పెట్రోలు వాసన కూడా మొదలైంది. అన్నీ కలిపి పదకొండు వేల పైచిలుకు ఖర్చయింది. గేటు దగ్గర బండి ఆగిపోవడం మాత్రం ఆగలేదు. నాలుగోచోట పార్టు ఏదీ మార్చకుండా కార్బొరేటర్ మీది స్క్రూ తిప్పి రేసు (ఆక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) పెంచి పంపారు. నెలరోజులు బాగుందనుకున్నాను.

ఇలా రేసు పెంచి పంపడం మన ప్రాంతంలో ఎంత మామూలైపోయిందో పాఠకులందరికీ తెలుసు. అది రోగిని పరీక్షించకుండా జ్వరం మాత్ర ఇచ్చి పంపడం వంటిది. కార్బొరేటర్ బండిలో ఆ స్క్రూ తిప్పితే థ్రాటిల్ రేకు (ఇంజన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే తలుపు) ఉండవలసిన చోటుకంటే ఎక్కువ తెరుచుకుంటుంది. అప్పుడు ఐడ్లింగ్ (ఆక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరగడం) కోసం ప్రత్యేకించిన సన్నని రంధ్రంతో పాటు, వేగం అందుకునేటప్పుడు మాత్రమే పనిచేయవలసిన పక్క రంధ్రాల నుంచి కూడా పెట్రోలు వస్తూ ఉంటుంది. ఇక పెట్రోలు, గాలి మిశ్రమం సరిచేసే స్క్రూను ఎటు తిప్పినా తేడా తెలియదు. రివర్స్ గేరు వేస్తే పళ్లు గరగరమంటాయి, పెట్రోలు దండగవుతుంది, అసలు లోపం మాత్రం లోపలే పెరుగుతూ ఉంటుంది.

ఐడ్లింగ్‌లోనే ఈ జబ్బులన్నీ బయటపడటానికి కారణం చిన్న లెక్క వేసుకుంటే అర్థమవుతుంది. మారుతి 800 ఇంజన్ మూడు సిలిండర్లది, 796 సీసీ. నాలుగు స్ట్రోకుల ఇంజన్ గనుక రెండు చుట్లకు ఒకసారి ఆ పరిమాణమంతా నిండుతుంది. నిమిషానికి 850 చుట్ల ఐడ్లింగ్‌లో మామూలు గాలి పీడనం వద్దయితే 338 లీటర్లు పీల్చుకోవాలి. అయితే థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టాల్లో) పీడనం బయటి గాలి పీడనంలో మూడో వంతే ఉంటుంది. అంటే నిజంగా ఇంజన్‌లోకి పోయేది నిమిషానికి సుమారు 110 లీటర్ల గాలి మాత్రమే. ఇప్పుడు మానిఫోల్డ్‌కు తగిలించిన రబ్బరు గొట్టంలో 2 మిల్లీమీటర్ల రంధ్రం పడిందనుకుందాం. లోపలి ఆ తక్కువ పీడనానికి, అంటే వ్యాక్యూమ్‌కు, ఆ రంధ్రం నిమిషానికి పాతిక లీటర్ల దాకా గాలిని లాగేస్తుంది. కార్బొరేటర్ గుండా రాని, పెట్రోలు కలవని దొంగగాలి అది, ఐడ్లింగ్‌లో ఇంజన్ పీల్చే గాలిలో దాదాపు నాలుగో వంతు. మిశ్రమం అంత పలచబడితే ఏ ఇంజనూ నిలకడగా తిరగదు. అదే బండి 4000 చుట్ల వద్ద థ్రాటిల్ బాగా తెరిచి పరుగెడుతున్నప్పుడు నిమిషానికి దగ్గర దగ్గర 1600 లీటర్లు పీలుస్తుంది, పైగా వ్యాక్యూమ్ తగ్గుతుంది గనుక ఆ రంధ్రం గుండా వచ్చే గాలీ తగ్గిపోతుంది. అందుకే హైవే మీద హాయిగా నడిచిన బండి గేటు దగ్గర ఆగిపోతుంది. ఇంజన్ ఆయుష్షు తీరినందుకు ఇది గుర్తు కాదు.

కాబట్టి ఎప్పుడు ఆగుతోంది, ఎలా ఆగుతోంది అన్న ప్రశ్నే అన్నిటికంటే విలువైన పనిముట్టు అని నా నమ్మకం. ఉదయం చల్లగా ఉన్నప్పుడే ఆగుతూ, కాగాక సర్దుకుంటే చోక్‌ను (చల్లని ఇంజన్‌కు మిశ్రమాన్ని చిక్కబరిచే తలుపును), దాని కేబుల్‌ను చూడాలి. కాగాక మాత్రమే ఆగితే గొట్టాల పగుళ్లు, వేడికి తెగే కాయిల్ తీగ, పెట్రోలు పైపులో ఆవిరి పట్టడం వంటివి చూడాలి. బ్రేకు తొక్కినప్పుడే ఆగితే, బ్రేకు బూస్టర్ ఉన్న బండ్లలో దాని పొర చిరిగి గాలి లాగుతుండవచ్చు, లేదా కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం సరిగా లేకపోవచ్చు. హెడ్‌లైట్లు, ఫ్యాను, ఏసీ అన్నీ వేస్తేనే ఆగితే ముందు బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి చూడాలి. ఇంజన్ తిరుగుతుండగా సుమారు 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య లేకపోతే ఆల్టర్నేటర్‌నో, దాని బెల్టునో, తుప్పు పట్టిన ఎర్త్ తీగనో అనుమానించాలి. పది పన్నెండు కిలోమీటర్లు పోయాక ఆగి, పావుగంట ఆగితే మళ్లీ స్టార్టయ్యే బండికి ఒక్కసారి పెట్రోలు ట్యాంకు మూత తెరిచి చూడండి. బుస్సుమని గాలి లోపలికి పోతే, మూతలో గాలి ఆడే సన్నని దారి మట్టితో పూడుకుపోయిందన్నమాట. దానికి కావలసింది మూత శుభ్రం చేయడం, లేదా కొత్త మూత. ఇలాంటి బండికి పెట్రోలు పంపు మార్చినవాళ్లను నేనెరుగుదును.

ఆ ప్రశ్నల తరువాత మూడు సిలిండర్లూ సమానంగా పనిచేస్తున్నాయో లేదో చూడాలి. పాత డిస్ట్రిబ్యూటర్ బండిలో ఇది మన మెకానిక్‌లకు కొట్టిన పిండి. రబ్బరు పిడి ఉన్న ప్లయర్‌తో ప్లగ్ వైర్లను ఒక్కొక్కటిగా తీసి పెడతారు. ఏ వైరు తీసినప్పుడు ఇంజన్ శబ్దంలో మార్పు రాదో, ఆ సిలిండర్ అంతకుముందే పడుకున్నట్టు లెక్క. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ప్లగ్గుల మీదే కాయిల్ ఉండే తరువాతి కాలపు బండ్లలో ఈ పని చేయకూడదు. పోయే దారి లేని హైవోల్టేజీ కాయిల్‌నో కంప్యూటర్‌నో కాల్చివేసే ప్రమాదం ఉంది, వాటిలో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కనెక్టర్ ఊడదీసి చూడటమే సరైన పద్ధతి. పడుకున్న సిలిండర్ ఏదో తెలిశాక ప్లగ్గు విప్పి దాని రంగు చూడాలి. గోధుమ రంగులో పొడిగా ఉంటే అంతా బాగున్నట్టు, నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే మిశ్రమం పలచబడినట్టు, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకి వస్తున్నట్టు. వానాకాలంలో మాత్రమే మిస్సింగ్ కొట్టే (ఏదో ఒక సిలిండర్ మండక తడబడే) బండికి, రాత్రివేళ దీపాలు ఆర్పి బానెట్ ఎత్తి చూస్తే వైర్ల మీదా డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మీదా నీలిరంగు మెరుపులు పాకడం కంటికే కనిపిస్తుంది.

నిప్పూ పెట్రోలూ బాగానే ఉన్నా సిలిండర్ పడుకుంటే కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమం నొక్కుకునే ఒత్తిడి) చూడాలి. అక్కడ కూడా వెంటనే ఇంజన్ విప్పనక్కరలేదు. ట్యాపెట్ల (వాల్వులను తెరిచే భాగాల) సందు తగ్గిపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది. తయారీదారు పుస్తకంలో చెప్పినంత సందు పెట్టడం అరపూట పని. దాన్ని అశ్రద్ధ చేస్తే మాత్రం ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోయి, అప్పుడు నిజంగానే హెడ్ దించవలసి వస్తుంది. ఇంజన్ కింద ఉండే రబ్బరు మౌంటింగులు తెగిపోతే, ఇంజన్ సవ్యంగా తిరుగుతున్నా బండి మొత్తం వణుకుతుందని కూడా గుర్తుంచుకోవాలి. ఆ వణుకును మిస్సింగ్ అనుకుని ప్లగ్గులు మార్చడం తరచుగా జరిగే పొరపాటు.

ఇక నా బండి జబ్బు ఎలా దొరికిందో చెప్పాలి. నాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుడు చెప్పగా కాకినాడలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన షెడ్డులో బోర్డు కూడా లేదు. బండి స్టార్టు చేయించి, ఎక్కడా చెయ్యి పెట్టకుండా, ఇరవై నిమిషాలు అలాగే తిరగనివ్వమన్నారు. "కాగనివ్వండి మాస్టారూ, జబ్బు బయటికి రాకుండా మందేసి లాభం లేదండి" అన్నారు. వణుకు మొదలయ్యాక, ప్లయర్ ముక్కుకు పాత గుడ్డ చుట్టి, మానిఫోల్డ్ నుంచి బయలుదేరే రబ్బరు గొట్టాలను ఒక్కొక్కదాన్నీ నొక్కి పట్టి వదులుతూ వచ్చారు. మొదటిదాన్ని నొక్కితే మార్పు లేదు, రెండోదానికీ లేదు. ఏసీ వేసినప్పుడు రేసు పెంచే వాల్వుకు వెళ్లే గొట్టాన్ని నొక్కగానే ఇంజన్ ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టు సర్దుకుంది. వదిలితే మళ్లీ వణుకు, నొక్కితే మళ్లీ నిలకడ. ఆయన నా చేత కూడా నొక్కించి చూపించారు. గొట్టం ఊడదీస్తే, నిపిల్ మీద ఎక్కించిన చోట అడుగువైపు వెంట్రుకంత పగులు ఉంది. చల్లగా ఉన్నంతసేపూ ఆ రబ్బరు బిగిసి పగులును మూసి ఉంచుతోంది, ఇంజన్ వేడికి మెత్తబడగానే పగులు విచ్చుకుని గాలి లాగుతోంది. పైనుంచి చూసేవాడికి అది ఎన్నటికీ కనపడదు. పాతకాలపు పద్ధతే అయినా, అంతకంటే స్పష్టమైన ప్రయోగాన్ని నా ముప్పయ్యేళ్ల పాఠాల్లో నేను కూడా చూపించలేదు.

కొత్త గొట్టం వేసి, రేసు స్క్రూను తగ్గించి, మిశ్రమం స్క్రూ సరిచేసి, అరవై రూపాయలు ఇమ్మన్నారు. నేను ఐదు వందలు ఇస్తే తీసుకోవడానికి ఇబ్బంది పడ్డారు. "గొట్టం అరవై రూపాయలేనండి, చూసినందుకేముంది" అన్నారు. గంటసేపు ఆయన చూపిన ఓపికా, నలభై ఏళ్ల చెవీ, చెయ్యీ, వీటికి ధర లేదని ఆయనే అనుకుంటున్నారు. అలా అనుకునేలా చేసింది బండ్ల యజమానులమైన మనమే. నా పదకొండు వేలలో ఒక్క రూపాయి కూడా నేను పరీక్షకు ఇవ్వలేదు, అంతా పార్టులకే ఇచ్చాను. ఎవరైనా ఒక మెకానిక్ "గంటసేపు చూస్తానండి, దానికి మూడు వందలు అవుతుంది, లోపం దొరక్కపోయినా ఇవ్వాలి" అని ఉంటే, నేను బండి తిప్పుకుని ఇంకో షెడ్డుకు వెళ్లి ఉండేవాణ్ని. చూసినందుకు ఇవ్వము, మార్చినందుకే ఇస్తాము. అలాంటప్పుడు షెడ్డు అద్దె, కుర్రాళ్ల జీతాలు పార్టు మీద మిగిలే లాభంలోంచే రావాలి కనుక మెకానిక్ పార్టు మార్చక ఏం చేస్తాడు? డాక్టరు దగ్గర ఫీజు, పరీక్షలకు రుసుము వేరు, మందుల ఖర్చు వేరు అని ఒప్పుకున్నవాళ్లం, బండి దగ్గర మాత్రం ఆ పద్ధతిని ఒప్పుకోవడం లేదు. నేను ఈ లేఖ రాయడానికి ముఖ్య కారణం ఇదే.

వ్యాసకర్త చెప్పిన ఇథనాల్ మాటను నేను కొట్టిపారేయడం లేదు. అందులో నిజం ఉంది, కాని సగమే ఉంది. ఒక కిలో మామూలు పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు, దానిలోనే ఆక్సిజన్ ఉంది కనుక. 20 శాతం కలిపితే ఆ లెక్క సుమారు 13.5 దగ్గరికి వస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ బండి ఆ తేడాను తానే పసిగట్టి పెట్రోలు కొంత పెంచుకుంటుంది, కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. పాతికేళ్ల కిందటి పెట్రోలుకు సరిపెట్టిన జెట్లతో అది ఏడెనిమిది శాతం పలచని మిశ్రమాన్నే ఇస్తుంది. నా బండిలో జరిగింది కూడా ఇదేనని నా అంచనా. గొట్టంలో పగులు ఎప్పటినుంచో కొద్దికొద్దిగా ఉండి ఉంటుంది, మిశ్రమం కాస్త చిక్కగా ఉన్నన్నాళ్లూ ఇంజన్ ఓర్చుకుంది, కొత్త పెట్రోలుతో ఆ వెసులుబాటు పోయేసరికి గేటు దగ్గర ఆగడం మొదలైంది. గొట్టం మార్చి మిశ్రమం స్క్రూ సరిచేశాక అదే పెట్రోలుతో ఇప్పుడు నిలకడగా తిరుగుతోంది. అయితే ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. కనుక పాత బండి ఉన్నవారు పెట్రోలు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను (లోపలి రబ్బరు పొరను) ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చుకోవడం, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకపోవడం అవసరం. పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోలు ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ కొలిచే కడ్డీ తీసి వాసన చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

2000 తరువాత వచ్చిన ఇంజెక్షన్ బండ్ల గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు పాత కార్లంటే ఎక్కువగా అవే. వాటిలో చాలావాటికి మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే సెన్సర్ ఉంటుంది. దొంగగాలి లోపలికి వస్తే ఆ పీడనం పెరుగుతుంది, కంప్యూటర్ దాన్ని చూసి పెట్రోలు కూడా పెంచుతుంది. అందువల్ల కార్బొరేటర్ బండిలా ఆగిపోకుండా రేసు దానంతటదే పెరిగి నిలబడుతుంది, లేదా పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంది. ఒకే లోపం రెండు రకాల బండ్లలో రెండు రకాలుగా కనిపిస్తుందని తెలియకే చాలామంది తప్పుదారి పడతారు. ఈ బండ్లు సిగ్నల్ దగ్గర ఆగిపోతుంటే ముందు చూడవలసింది థ్రాటిల్ బాడీ అంచుల్లో, ఐడ్లింగ్ గాలిని నియంత్రించే వాల్వులో పేరుకున్న నల్లని మసి. దాన్ని ఓపికగా శుభ్రం చేస్తే చాలా బండ్లు బాగుపడతాయని అనుభవజ్ఞులు చెబుతారు. తరువాత కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్. చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు వేల ఓములు, ఇంజన్ కాగాక మూడు వందల ఓముల చుట్టుపక్కల మీటరు చూపకపోతే, అది కంప్యూటర్‌కు అబద్ధం చెబుతున్నట్టే. బాగా కాగాక ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లారాక మాత్రమే స్టార్టయ్యే బండిలో, ఇంజన్ తిరుగుడును కంప్యూటర్‌కు తెలిపే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాలి.

ఇక్కడ ఒక చెడ్డ అలవాటును ప్రస్తావించకుండా ఉండలేను. మన ఎండలకు బండి చల్లగా ఉంటుందని చెప్పి థర్మోస్టాట్ వాల్వును (ఇంజన్ కాగేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వనిదాన్ని) తీసి పారేయడం మన దగ్గర చాలా షెడ్లలో ఉంది. ఆ వాల్వు లేకపోతే ఇంజన్ చేరవలసిన వేడికి చేరదు, కంప్యూటర్ ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువగా పోస్తూనే ఉంటుంది, ప్లగ్గులు మసిబారతాయి, ఐడ్లింగ్ చెడుతుంది, ఆ ఎక్కువ పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి ఇంజన్‌నే అరగదీస్తుంది. బండి వేడెక్కుతుంటే రేడియేటర్, ఫ్యాను, వాటర్ పంపు చూడాలి కాని, ఉన్న మంచి వాల్వును పీకేయకూడదు.

పరీక్షకు పెద్ద యంత్రాలు కావాలనుకోవడం కూడా పొరపాటే. వ్యాక్యూమ్ గేజ్ కొన్ని వందల రూపాయలకే వస్తుంది. మానిఫోల్డ్‌కు తగిలించి ఐడ్లింగ్‌లో చూస్తే, ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలతలో) మధ్య కదలకుండా నిలుస్తుంది. కాకినాడలో ఉన్నంత అంకె హైదరాబాద్‌లో రాదు. ఆ నగరం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడ రెండు అంగుళాలదాకా తక్కువ చూపినా కంగారు పడనక్కరలేదు. ముల్లు నిలకడగానే ఉండి బాగా తక్కువ చూపితే గాలి లీకు గాని, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే సమయం) వెనకబడటం గాని కారణం. లయ తప్పకుండా ఒక్కో దెబ్బకు కిందికి పడి లేస్తుంటే ఏదో ఒక వాల్వు సరిగా మూసుకోవడం లేదు. నెమ్మదిగా అటూ ఇటూ ఊగుతుంటే మిశ్రమం సరిగా లేదు.

దాదాపు అందరి దగ్గరా ఉండి ఎవరూ చదవని పరీక్షా ఫలితం ఇంకొకటి ఉంది. అది కాలుష్య పరీక్ష చీటీ. పాత పెట్రోలు బండికి ఆ పరీక్ష చేసేది ఐడ్లింగ్‌లోనే. భారత్ స్టేజ్-2 (వాహన కాలుష్య ప్రమాణాల రెండో దశ) కంటే ముందటి కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్ 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 వంతులు) మించకూడదు. స్టేజ్-2, స్టేజ్-3 కార్లకు ఆ పరిమితులు 0.5 శాతం, 750 పీపీఎం. పాస్, ఫెయిల్ అన్న మాట దగ్గరే ఆగిపోకుండా ఆ రెండు అంకెలనూ కలిపి చదివితే చాలా తెలుస్తుంది. మోనాక్సైడ్ బాగా ఎక్కువగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. మోనాక్సైడ్ తక్కువగా ఉండి హైడ్రోకార్బన్ మాత్రమే ఎక్కువగా ఉంటే, పెట్రోలు మండకుండానే బయటికి వస్తోంది, అంటే దొంగగాలి వల్ల మిశ్రమం పలచబడిందో, ఒక సిలిండర్‌లో నిప్పు పడటం లేదో. నిజంగా పొగగొట్టంలో ప్రోబు పెట్టి కొలిచిన చీటీ అయితే, బండిని షెడ్డుకు తీసుకెళ్లేటప్పుడు వెంట పట్టుకెళ్లి మెకానిక్‌కు చూపించమని పాఠకులను కోరుతున్నాను.

మీ ద్వారా రెండు విన్నపాలు చేస్తున్నాను. రెండు రాష్ట్రాల ఐటీఐలలో మోటారు మెకానిక్ కోర్సు ఉంది, పాలిటెక్నిక్‌లలో ఆటోమొబైల్ విభాగాలున్నాయి. వాటిలో గేజీలు, మీటర్లు, కంప్రెషన్ టెస్టర్లు ఉంటాయి. వారానికి ఒక పూట ఆ ప్రయోగశాలలు తెరిచి, నామమాత్రపు రుసుము తీసుకుని, పాత బండ్లను పరీక్షించి లోపం ఏమిటో కాగితం మీద రాసిచ్చే ఏర్పాటు చేస్తే విద్యార్థులకు నిజమైన జబ్బులు చూసే అవకాశం దొరుకుతుంది, యజమానికి ఏ పార్టుకు డబ్బు పెట్టాలో తెలుస్తుంది. ఆ కాగితం పట్టుకుని తనకు నచ్చిన షెడ్డుకే వెళ్లి రిపేరు చేయించుకోవచ్చు. రెండోది షెడ్ల యజమానులకు. పరీక్షకు ఇంత అని బోర్డు మీద రాసి పెట్టండి, మొహమాటపడకండి. మొదట్లో కొందరు వెనక్కి వెళతారు, తెలిసినవాళ్లు ఆ బోర్డు చూసే వస్తారు.

రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగిశాక, ఫిట్‌నెస్ చూపించి మరో 5 ఏళ్లకు పొడిగించుకునే వీలు సొంత కార్లకు చట్టంలోనే ఉంది. ఫిట్‌నెస్ నిలవని బండిని తుక్కుకు ఇవ్వాలన్న మాటను నేనూ ఒప్పుకుంటాను. చట్రం తుప్పు పట్టిన బండిని, పొగ చిమ్మే బండిని రోడ్డు మీద తిప్పే హక్కు ఎవరికీ లేదు. అరవై రూపాయల గొట్టం వల్ల ఆగిపోతున్న బండిని ఆ లెక్కలో వేయవద్దన్నదే నా మాట.

చివరగా, ఆ వ్యాసంలో ఒక వాక్యాన్ని మీరు తప్పనిసరిగా సవరించాలి. గాలి లీకు కనిపెట్టడానికి, ఇంజన్ తిరుగుతుండగా మానిఫోల్డ్ చుట్టూ కొద్దిగా పెట్రోలు చల్లి చూడమని అందులో ఉంది. కొన్ని షెడ్లలో అలా చేస్తారన్నది నిజమే. కాని మానిఫోల్డ్ పక్కనే మండిపోతున్న ఎగ్జాస్ట్ ఉంటుంది, పాత ప్లగ్ వైర్ల నుంచి నిప్పురవ్వలు లేస్తుంటాయి, ఇలా చేసి బానెట్ కింద మంటలు లేచిన సంగతులు మనం విన్నవే. కార్బొరేటర్ క్లీనర్ డబ్బా కూడా అంతే ప్రమాదం. దానికి బదులు మందుల షాపులో దొరికే సూది లేని సిరంజితో, ఎగ్జాస్ట్ మీదా కరెంటు తీగల మీదా పడకుండా, గాస్కెట్ అతుకుల మీద, గొట్టాల చివర్ల మీద సబ్బు నీళ్లు చుక్కలు చుక్కలుగా వేస్తే చాలు. లీకున్న చోట నీటి చుక్క లోపలికి పీల్చుకుపోతుంది, ఒక్క క్షణం ఇంజన్ శబ్దం మారుతుంది. మీ పత్రికను చదివి తమ బండి మీద ఈ ప్రయోగం చేయబోయే పాఠకులు ఉండవచ్చు కనుక, ఈ సవరణను వచ్చే ఆదివారం సంచికలోనే, అదే పేజీలో ప్రచురించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
పెద్దాపురం, కాకినాడ జిల్లా